తిట్లు ఆగిన వారం

నూలుమిల్లు మూతపడిన రోజున దాని సైరన్ కూడా శాశ్వతంగా ఆగిపోయిందని అందరూ అనుకున్నారు. పొరపాటు. ఇరవై రెండేళ్ళు ఆ మిల్లులో తెగిన పోగులు అతికిన ఒకావిడ గొంతులోకి అది మకాం మార్చింది, అంతే. పక్కనున్న మనిషితో "కాస్త జరుగు" అనాలన్నా పొలికేక పెట్టాల్సిన షెడ్డులో ఆవిడ మాట్లాడటం నేర్చుకుంది. మిల్లు పోయింది గాని అలవాటు పోలేదు. ఇంట్లో మాట్లాడేది ఆవిడ, వినేది మొగుడు. కొన్నేళ్ళకు ఆయనకు చెవులు మందగించాయి, తర్వాత కళ్ళు కూడా. కళ్ళ సంగతి డాక్టరు ఒప్పుకున్నాడు. చెవులది మాత్రం వట్టి నటన అని ఆవిడ అనుమానం.

అలా ఆవిడకు సైరనమ్మ అని పేరు పడింది. పేరు పెట్టింది ఆవిడ పనిచేసే వృద్ధాశ్రమంలోని ముసలివాళ్ళు.

వృద్ధాశ్రమమని బోర్డు మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది గాని, లోపలికి వెళితే అదొక పాత అద్దె ఇల్లు. పెద్ద హాలును మధ్యలో ప్లైవుడ్ గోడతో రెండుగా చీల్చారు. ఇటు మగవాళ్ళ మంచాలు నాలుగు, అటు ఆడవాళ్ళవి అయిదు. వడ్రంగి వచ్చిన రోజు చెక్క చాలకపోవడంతో గోడ పైకప్పుకు మూరెడు దూరంలో ఆగిపోయింది. అందుచేత ఇటు ఎవరైనా దగ్గితే అటునుంచి "నీళ్ళు తాగండి" అని సలహా వస్తుంది. వెనక వంటగది, దాని పక్కన స్నానాల గది. వీధివైపున్న చిన్న గది మేడం ఆఫీసు. మేడం ఒకప్పుడు పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. ఆవిడ కింద పగలు సైరనమ్మ, రాత్రికో నర్సు, రెండు పూటలా వంటాయన.

సైరనమ్మ ఈ పనికి కోరి రాలేదు. ఇక్కడ ఆయాగా చేస్తున్న తోటికోడలు మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకుంటే, పదిరోజులకని బదులు వచ్చింది. పదకొండేళ్ళయింది. తోటికోడలి కాలు అతుక్కుంది గాని వాళ్ళిద్దరి మధ్య మాటలు ఇంకా అతుక్కోలేదు. మొదటి రోజు ఒక పెద్దాయనకు స్నానం చేయించమంటే, సిగ్గుతో కళ్ళు గట్టిగా మూసుకుని సబ్బు రుద్దింది. ముక్కులోకీ నోట్లోకీ నురగ పోయి ఆయన, "అమ్మాయ్, నువ్వు కళ్ళు తెరువు, కావాలంటే నేను మూసుకుంటాను" అని మొత్తుకున్నాడు. మూడో రోజుకల్లా మగవాళ్ళ ఒంటి రహస్యాల మీద ఆవిడకున్న భయభక్తులన్నీ వదిలిపోయాయి.

పని మాత్రం చేతులకు క్షుణ్ణంగా పట్టుబడింది. మంచం పట్టినవాళ్ళను రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, వీపు మీద ఎర్రమచ్చను పుండు కాకముందే పసిగట్టడం, ఎనభై కిలోల మనిషిని తన నడుం పట్టెయ్యకుండా కుర్చీలోకి దించడం, అన్నీ. దగ్గు వింటే చాలు, అది కఫమో, పొలమారడమో, చూడటానికి వచ్చినవాళ్ళ జాలి కోసం దగ్గే దగ్గో చెప్పేస్తుంది. విరేచనాల రిజిస్టరని ఒకటుంటుంది. ఎవరు ఏ రోజు వెళ్ళారో అందులో టిక్కు పెట్టాలి. ఆవిడ ఆ పుస్తకం జోలికి పోదు. "కండక్టరు బండి సోమవారం నుంచి కదల్లేదు!" అని నోటితోనే ప్రకటిస్తుంది. ఇటు నాలుగు మంచాలకీ అటు అయిదు మంచాలకీ, గాలి అనుకూలిస్తే వీధి చివర మందులషాపుకీ కబురు చేరిపోతుంది.

ఇక తిట్లు. నిద్ర లేపడం తిట్టుతో, పక్క సర్దడం తిట్టుతో, మందు మింగించడం తిట్టుతో. ప్లీడరని ఒకాయన ఉన్నాడు. నిజానికి ఆయన ప్లీడరు కాదు, ఒక ప్లీడరు దగ్గర నలభై ఏళ్ళు గుమాస్తా. మాత్రలు మింగినట్టు నటించి దిండు గలేబులో దాచేవాడు. "ఇదిగో ముసలోడా, ఈ దిండుకి బీపీ పూర్తిగా తగ్గిపోయింది, దీన్ని ఇంటికి పంపించేద్దాం, నువ్వు ఉండు!" అని సైరనమ్మ దులిపింది. గోడ అవతల ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునే టైలరమ్మను, "మాట్లాడితే ముత్యాలు రాలతాయా తల్లీ, నేను ఊడవనులే, రాల్చు!" అని కదిలించేది. ఎవరికీ మినహాయింపు లేదు.

ఒకరికి తప్ప. డాక్టరు పెదవి విరిచి, "ఇంక ఇష్టమైనవి పెట్టండి" అని వెళ్ళాడంటే, ఆ మంచం దగ్గర సైరనమ్మ గొంతు దిగిపోయేది. తిట్టు ఉండదు. "నాన్నా", "అమ్మా" అని పిలుపు. చెంచాతో నీళ్ళు పోస్తూ ఎప్పుడో మిల్లులో విన్న కబుర్లు మెల్లగా చెప్పేది. ఇది ఆవిడ అనుకుని చేసేది కాదు. అలా చేస్తున్నానని ఆవిడకే తెలియదు. తొమ్మిది మంచాలవాళ్ళకూ మాత్రం బాగా తెలుసు. ప్లీడరైతే లెక్క కూడా తేల్చాడు. "ఆవిడ 'నాన్నా' అందంటే పదిరోజులు. 'బంగారూ' అందంటే మూడు. ఇంతవరకూ తప్పలేదు."

ఇలాంటి ఇంటికి ఒకనాడు ఫిర్యాదు వచ్చింది.

రాసింది కండక్టరు కూతురు. కండక్టరంటే నలభై ఏళ్ళు బస్సులో టికెట్లు కొట్టిన మనిషి. ఇప్పటికీ స్నానాల గది ముందు ఇద్దరు నిలబడితే "ముందుకు జరగాలి, ముందుకు జరగాలి" అంటాడు. కూతురు వేరే ఊళ్ళో ఉంటుంది, ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది. ఆ ఆదివారం ఫోన్ స్పీకరులో ఉంది. కూతురు "నాన్నగారూ" అనబోయేంతలో వెనకనుంచి సైరన్ మోగింది. అంతే, మూడో రోజుకు రెండు పేజీల ఉత్తరం మేడం బల్ల మీదికి వచ్చింది. గౌరవం అనే మాట కింద నాలుగు చోట్ల గీత గీసి ఉంది.

"అసలేమన్నావమ్మా నువ్వు?" అని అడిగింది మేడం.

"ఏమీ అనలేదు మేడం. నోరు తెరవమన్నాను."

"ఎలా తెరవమన్నావు?"

"మామూలుగానే. 'తెరుస్తావా, జావ ముక్కులోంచి పొయ్యమంటావా?' అని."

"అది మామూలా?"

"ఆయనకి మామూలే మేడం. నాకూ మామూలే. ఫోన్‌కే కొత్త."

మేడం నవ్వు ఆపుకుని హెచ్చరిక కాగితం ముందుకు తోసింది. ఇంకొక్క ఫిర్యాదు వస్తే పనిలోంచి తీసేస్తారని దాని సారాంశం. సైరనమ్మ సంతకం పెట్టింది. యాభై ఏడేళ్ళ వయసులో, మిల్లులు లేని ఊళ్ళో, ఈ గొంతు వేసుకుని ఇంకెక్కడికి పోతుంది? చూపు ఆనని మొగుడు ఆవిడ తెచ్చేదాని మీదే ఉన్నాడు. తోటికోడలు పని చెయ్యడానికి రెండు కాళ్ళ మీదా సిద్ధంగా ఉంది.

మర్నాడు వంటగది తలుపు మీద మేడం ఒక జాబితా అంటించింది, పెద్దలతో మాట్లాడవలసిన మాటలని. సైరనమ్మకు కూడబలుక్కుని చదవడం వచ్చు గాని, వంటాయనే గరిటె తిప్పుతూ పైకి చదివి వినిపించాడు. "దయచేసి నోరు తెరుస్తారా? మీకు అభ్యంతరం లేకపోతే స్నానానికి వెళదామా?"

"అభ్యంతరం ఉందంటే ఏమనాలో రాశారా?"

వంటాయన కిందిదాకా వెతికాడు. "లేదు. కింద మేడం సంతకమే ఉంది."

ఆవిడ ముందుగా ప్లీడరు దగ్గరికి వెళ్ళింది. "మీకు అభ్యంతరం లేకపోతే స్నానానికి వెళదామా అండీ?"

నలభై ఏళ్ళు కోర్టులో పక్కవాళ్ళ అభ్యంతరాలు రాసి పెట్టిన మనిషి. తన అభ్యంతరం ఒకరు అడగడం జీవితంలో అదే మొదలు. ఆయన లేచి కూర్చున్నాడు. "ఉంది."

"ఏమిటండీ?"

"నీళ్ళు."

మూడు రోజులు ఆ గదిలో ఒక్కరి ఒంటి మీదా చెంబెడు నీళ్ళు పడలేదు. మేడం కిటికీలన్నీ తెరిపించి, ఆఫీసు తలుపు మూసుకుంది.

స్నానాలు లేకపోతే ఎవరూ చావరు. అసలు చిక్కు ఇంకోచోట వచ్చింది. మర్యాదగా మాట్లాడమంటే సైరనమ్మకు తెలిసిన దారి ఒక్కటే, గొంతు దించడం. గొంతు దిగితే "నాన్నా" దానంతటదే వస్తుంది. ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో అది మరింత మెత్తగా వచ్చింది.

"కొంచెం జావ తాగుతారా నాన్నా?"

కండక్టరు నోటి దగ్గరికి వచ్చిన చెంచా అక్కడే ఆగింది. ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. "డాక్టరేమన్నాడు?"

"ఏమీ అనలేదు నాన్నా. ఆయన రానేలేదు."

"రాకుండానే తేల్చేశాడా?"

"ఏం తేల్చాడు నాన్నా? తాగండి, మంచిది."

ఆయన నోరు మూసేసుకుని గోడవైపు తిరిగాడు.

సాయంత్రానికి ఆస్తుల పంపకం మొదలైంది. దిండు కింద దాచుకున్న విజిల్ ప్లీడరుకు ఇచ్చాడు. తోలుసంచీ వంటాయనకు. చలవకళ్ళద్దాలు ఎవరికివ్వాలో తేలక, మంచం మీంచి లేవలేని నాలుగో ఆయనకు పెట్టేశాడు. ఆయన వాటితోనే నిద్రపోయి, పొద్దున మెలకువ వచ్చాక కళ్ళు పోయాయని గోల పెట్టాడు. కండక్టరు మాత్రం గోల చెయ్యలేదు. "నా స్టాపు వస్తోంది, సామాను చూసుకోవాలి" అన్నాడు తప్ప ముద్ద ముట్టలేదు. రోజుకు నాలుగు గుక్కల నీళ్ళు, అంతే.

జబ్బు ఇల్లంతా పాకింది. "నోటీసు ఇవ్వకుండా ఎలా పంపిస్తారు? వాయిదా కావాలి" అని ప్లీడరు తెల్లకాగితం మీద అర్జీ రాసి, ఎవరికి ఇవ్వాలో తెలియక మేడం తలుపు కింద తోశాడు. గోడ అవతల ఒకావిడ తన ఫోటోల్లో బాగున్నది ఏదో అందరికీ చూపించి ఎంపిక చేయించుకుంది. "ఇందులో ముక్కు పెద్దదిగా ఉంది" అని పక్క మంచమావిడ చెప్పడంతో వాళ్ళిద్దరికీ చెడింది.

మేడం డాక్టరును పిలిపించింది. ఆయన కండక్టరును ముందూ వెనకా తట్టి చూశాడు. "ఈయనకు ఏ జబ్బూ లేదు. ఇంకో మూడు రోజులు తినకపోతే మాత్రం ఉంటుంది. అప్పుడు నేనేం చెయ్యలేను" అన్నాడు. ఈసారి డాక్టరు నిజంగానే వచ్చి మేడంతో మెల్లగా మాట్లాడి వెళ్ళడం కండక్టరు ఓరకంట చూశాడు. ఇంకే సాక్ష్యం కావాలి?

అయిదో రోజు పొద్దున సైరనమ్మ దుప్పట్లు మారుస్తుంటే ప్లీడరు చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఒక్కటి చెప్పు. ఎవరెవరం? అందరమా, ఆయనొక్కడేనా?"

"ఏమిటి నాన్నా?"

"ఇదిగో, మళ్ళీ నాన్నా! అమ్మాయ్, నువ్వు తిట్టలేదంటే మనిషి పోతాడు. ఈ ఇంట్లో ఎవరినైనా అడుగు."

ఆవిడ అడగలేదు. స్టూలు మీద కూర్చుని లోపల్లోపలే ఒక్కొక్కరినీ తలుచుకుంది. కిటికీ దగ్గరి పెద్దాయన. చక్కెరజబ్బు మామ్మ. రాగాలు తీసే తాత. ఒక్కొక్కరి చివరి రోజుల్లో తన గొంతు ఎలా ఉందో గుర్తు చేసుకుంటూ వేళ్ళు మడిచింది. ఏడుగురు. ఒక్కరిని కూడా చివర్లో తిట్టలేదు. అంతకుముందు ఒక్కరితోనూ మెత్తగా మాట్లాడలేదు.

ఆవిడ తిన్నగా ఆఫీసుగదికి పోయింది. "మేడం, ఒక్క తిట్టు తిట్టనివ్వండి."

"ఏమిటీ?"

"కండక్టర్ని. ఒక్కటే. చిన్నది. లేకపోతే ఆయన ఊరికే పోతాడు మేడం, జబ్బు లేకుండా."

సంగతంతా విన్నాక మేడం తల పట్టుకుంది. "వాళ్ళమ్మాయికి నిన్ననే ఫోన్ చేశాను. పదింటి బస్సుకి వస్తోంది. ఆవిడ చూసి వెళ్ళాక ఏదైనా చేద్దాం. ఆవిడ ముందు నోరు జారావంటే నేను కూడా ఆపలేను, అర్థమైందా?"

పదిన్నరకు కూతురు వచ్చింది. ఏభై ఏళ్ళుంటాయి, నలగని బట్టలు, చేతిలో పళ్ళ సంచి. మంచం పక్క కుర్చీ లాక్కుని, ఆసుపత్రిలో మాట్లాడే గొంతుతో, "నాన్నగారూ, ఎలా ఉన్నారు? కొంచెం జావ తీసుకుంటారా?" అంది. కండక్టరు కళ్ళు తెరవకుండానే, "వచ్చావా తల్లీ. మంచిదే. అందరూ దిగిపోయారా?" అన్నాడు. కూతురి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జావ గిన్నె పట్టుకుని సైరనమ్మ మంచం కాళ్ళవైపు నిలబడి ఉంది. ఆయన బుగ్గలు లోపలికి పోయాయి. పెదవులు పగిలాయి. గుమ్మంలోంచి మేడం వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

సైరనమ్మ గిన్నెలోకి చూసింది. మేడం వైపు చూసింది. తర్వాత ఊపిరి పీల్చుకుంది. ఆ పీల్చడం వినే గోడ అవతల ఇద్దరు లేచి కూర్చున్నారు.

"ఏయ్ ముసలోడా! ఎవడు దిగమన్నాడురా నిన్ను? స్టాపు రాకుండా ఎక్కడికి దిగుతావు? నలభై ఏళ్ళు జనాన్ని బస్సులోకి కుక్కి కుక్కి, ఒక్కడు మెట్టు మీద నిలబడితే వాడి తల్లిదండ్రుల్ని కూడా వదలకుండా తిట్టినవాడివి! ఇప్పుడు నువ్వే మెట్టు మీద వేలాడతావా? లే! ఆ విజిలెందుకు ఇచ్చావ్ వాడికి? పొద్దున్నుంచీ ఊది చంపుతున్నాడు నన్ను! నాలుగు రోజులుగా నీకోసం కాచిన జావంతా పోస్తే వీధి కుక్కలు బలిసి ఆటోలకు అడ్డం పడుతున్నాయి! నోరు తెరువు, లేకపోతే చెవిలో పోస్తా!"

మందులషాపులో తూకం చూసుకుంటున్న ఒకాయన మిషను మీంచి దిగిపోయాడట. అది తర్వాత తెలిసింది.

కండక్టరు ఒక కన్ను తెరిచాడు. "నేను పోవడం లేదా?"

"ఎక్కడికి పోతావ్? నిన్ను ఎవరు రానిస్తారు?"

రెండో కన్ను తెరిచాడు. "జావలో ఉప్పు వేశారా?"

కూతురు ఎర్రగా కందిపోయి లేచింది. "ఇదేం మనిషి! మేడం, మీ ఎదురుగానే, మా నాన్నగారిని... నేను ఊరుకోను, ఇప్పుడే రాసిస్తాను!"

"కూర్చోవే" అన్నాడు కండక్టరు. అయిదు రోజుల తర్వాత ఆయన గొంతులో కాస్త జీవం ఉంది. "ప్రతి ఆదివారం ఎలా ఉన్నారు, జాగ్రత్తగా ఉండండి అంటావు. బ్యాంకు నుంచి ఫోన్ చేసే పిల్ల కూడా నాతో అలాగే మాట్లాడుతుంది. ఏమైనా ఉంటే నువ్వు కూడా తిట్టు."

"మిమ్మల్నా? నాకేం అవసరం? నేనెందుకు తిడతాను?" అంది కూతురు. అని, అక్కడితో ఆగలేకపోయింది. "ఏమని మొదలుపెట్టను? పదో తరగతి పరీక్ష రోజున టికెట్టు లేదని మీ బస్సులోంచే దింపేశారే నన్ను, అక్కడ మొదలుపెట్టనా? కన్నకూతుర్ని! చెరువుగట్టు దగ్గర! రెండు మైళ్ళు పరిగెత్తి, వగరుస్తూ లెక్కలు రాశాను!"

"ఆ రోజు చెకింగ్ ఉందే."

"చెకింగూ లేదు, మన్నూ లేదు! ముప్ఫై అయిదేళ్ళుగా ఇదే మాట! ఆ చెకింగ్ వచ్చినవాడెవడో చూపించు, ఇవాళైనా చూస్తాను!"

"ఎన్ని మార్కులొచ్చాయి?"

"ముప్ఫై ఎనిమిది!"

"కూర్చుని వెళ్ళినా అన్నే వచ్చేవి."

గోడ అవతలనుంచి ఎవరో పకపకా నవ్వారు. కూతురు సైరనమ్మ చేతిలోంచి జావ గిన్నె లాక్కుంది. "నోరు తెరువు ముందు!" అంది. ఆయన తెరిచాడు. గిన్నె ఖాళీ అయ్యేదాకా పరీక్ష గురించీ, తల్లికి జ్వరమొచ్చినప్పుడు డ్యూటీకి వెళ్ళడం గురించీ, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళను వెనక సీట్లలోకి జరగమనడం గురించీ అడుగుతూనే ఉంది. ఆయన మధ్యమధ్యలో "ఇంకో చెంచా" అంటూ అన్నీ విన్నాడు.

తర్వాత కూతురు ఆఫీసుగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. సైరనమ్మ బయట వసారాలో ఒకే చోట నాలుగుసార్లు తడిగుడ్డ పెట్టింది. అరగంటకు కూతురు బయటికి వచ్చి, ఆవిడ మొహం చూడకుండా, "ఆదివారం నేను ఫోన్ చేసేటప్పుడు మాత్రం ఒక పది నిమిషాలు వెనక్కి వెళ్ళి తిట్టుకో" అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

లోపల మేడం ఉత్తరాన్ని మడిచి ఫైల్లో పెడుతోంది. "ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. నీ ఉద్యోగానికి భయమేమీ లేదు. ఆ జాబితా కూడా పీకెయ్యమని వంటాయనకు చెప్పు, ముందు అందరికీ స్నానాలు కానివ్వు. కానీ ఒక షరతు ఉంది."

"చెప్పండి మేడం."

"నిన్న టైలరమ్మ నా దగ్గరికి వచ్చింది. చేరిన పదకొండు నెలల్లో ఈ గది గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. ఈ వారం బాగుంది మేడం, ఇలాగే ఉంచడం కుదురుతుందా అని అడిగింది. అందర్నీ తిట్టుకో. ఆవిడని తిట్టకు. తిట్టావని తెలిస్తే ఈసారి కాగితం నేను రాస్తాను."

సైరనమ్మకు నమ్మబుద్ధి కాలేదు. గోడ అవతలికి వెళ్ళింది. టైలరమ్మ చివరి మంచం మీద, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. చిన్న మనిషి. జుట్టు చిక్కుపడి ఉంది. నాలుగు రోజులుగా ఎవరూ దువ్వలేదు. సైరనమ్మ దువ్వెన తీసుకుని వెనక కూర్చుంది. నోటికి వచ్చిన మొదటి మాటను మింగేసింది. రెండోదాన్ని కూడా.

"నేను మెత్తగా మాట్లాడితే పోతారని అందరూ అనుకున్నారటగా. మీకు తెలియదా?" అంది చివరికి.

"తెలుసు."

"మరి మీరు అలా అనుకోలేదా?"

"అనుకున్నాను" అంది టైలరమ్మ. "అయినా బాగానే ఉంది."

దువ్వెన ఆగింది. సైరనమ్మకు పొలమారినట్టయి దగ్గింది. అదేం దగ్గో ఆవిడకే తెలియలేదు. ఒక చిక్కును వేళ్ళతో విడదీసి, గొంతు ఎంత దిగుతుందో అంత దించి, "నొప్పి పుడితే చెప్పండమ్మా" అంది.

గోడ మీంచి ప్లీడరు గొంతు వినిపించింది. "ఎవరినీ? ఎవరిని అమ్మా అంటున్నావ్? ఎన్ని రోజులట?"

"నీకు నూరేళ్ళు! నోరు మూసుకుని స్నానానికి పద!" అని సైరన్ మోగింది. టైలరమ్మ ఉలిక్కిపడి తల వెనక్కి లాక్కుంది.

"మిమ్మల్ని కాదమ్మా, మిమ్మల్ని కాదు" అంటూ సైరనమ్మ ఆ తలను రెండు చేతులతో పట్టి, మెల్లగా తన వైపుకు తిప్పుకుంది.